ఇల్లు కట్టే ముందు నేలకు వైద్యం: చైతన్యపురి, ఎల్బీనగర్ కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

హైదరాబాద్: 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లార్ కోసం గుంత తవ్వుతుండగా పక్క మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. అంతకు మూడు నెలల ముందు, 2024 నవంబరులో, నగరం అవతలి వైపు సిద్దిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో లేచిన ఒక బహుళ అంతస్తుల ఇల్లు రాత్రిపూట పక్కకు ఒరిగింది. పక్క ప్లాటులో పునాది గుంత తవ్విన తరువాత అలా జరిగింది. లోపలివాళ్లు భయంతో బయటికి పరుగెత్తారు. మరునాడు అధికారులు ఆ ఇంటిని కూల్చేయాల్సి వచ్చింది.

ఇలాంటివి జరిగినప్పుడు మాటలన్నీ పర్మిషన్ ఉందా, బిల్డర్ ఎవరు, ఇనుము ఎంత వాడారు అన్న వాటి మీదే నడుస్తాయి. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇల్లు నిలబడేది నేల మీద. సిమెంటు ఏ కంపెనీది కొనాలి, ఇనుము ఎంత మందం వేయాలి అని నాలుగు చోట్ల వాకబు చేసే కుటుంబం, అడుగున ఉన్న మట్టి ఏమిటో ఒక్కసారి కూడా పరీక్ష చేయించకుండా పునాది వేసేస్తుంది. జీవితకాలం కూడబెట్టిన సొమ్ము, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన పైసలు, అమ్మిన నగల డబ్బు అన్నీ కలిపి ఆ తెలియని మట్టి మీద పోస్తారు.

మంచి సంగతేమిటంటే, బలహీనమైన నేలకు కూడా వైద్యం ఉంది. ఇంజినీర్లు దీన్ని నేల మెరుగుదల అంటారు. కాకపోతే జ్వరానికీ, షుగరుకూ ఒకే మాత్ర పనిచేయనట్టే, అన్ని నేలలకూ ఒకే మందు పనిచేయదు. ముందు రోగం తెలియాలి.

ఒకే కాలనీలో మూడు రకాల నేల

హైదరాబాద్ కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాయి మీద. ఆ రాయి ఎండకూ వానకూ పగిలి, చివికి పైన మొరంగా మారింది. మొరం మీద ఎర్ర నేల. పల్లపు చోట్ల నల్ల రేగడి, చెరువుల అడుగున బంకమట్టి, పూడిక. అందుకే ఈ నగరంలో ఒక ప్లాటులో ఆరడుగుల్లోనే రాయి తగిలితే, నాలుగు గల్లీల అవతల ఇరవై అడుగులు పోయినా మెత్తటి మట్టే రావచ్చు.

చైతన్యపురి దీనికి మంచి ఉదాహరణ. ఒకవైపు మూసీ. ఆ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర గుండు మీద విష్ణుకుండినుల కాలపు శాసనం ఉంది. సుమారు 1500 ఏళ్లుగా ఆ రాయి, ఆ అక్షరాలు అక్కడే ఉన్నాయి. అంటే అక్కడ రాయి నేల పైకే కనిపిస్తుంది. మరోవైపు, దిల్‌సుఖ్‌నగర్ దాటి దక్షిణంగా పోతే సరూర్‌నగర్ చెరువు. చెరువు చుట్టూ, చెరువుల్ని కలిపే నాలాల వెంట ఉన్న పల్లపు జాగాల్లో నేల పూర్తిగా వేరు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ తేడాను బయటపెట్టింది. ఆ రోజు ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు దగ్గరి కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు నిలిచిన చోటు అంటే చాలాసార్లు ఒకప్పటి చెరువు అంచో, నాలా దారో. అలాంటి చోట పైన సీసీ రోడ్డు, టైల్స్, గేటు ఎంత కొత్తగా కనిపించినా, అడుగున మట్టి మాత్రం పాతదే.

ఈ ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్లకు ఎదురయ్యే నేలను మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది మొరం, చివికిన రాయి: మామూలు ఇళ్లకు బాగానే మోస్తుంది. రెండోది నల్ల రేగడి, బంకమట్టి: నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మూడోది పూడ్చిన నేల: పాత ఇళ్ల మలబా, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, బట్టలు, చెత్త, మట్టి కలిపి గుంతల్లో నింపింది. మూడింటిలో ఎక్కువ మోసం చేసేది ఇదే. ఎందుకంటే పైనుంచి చూస్తే గట్టిగానే ఉంటుంది.

అంకె లేని రెండు నేలలు

పునాదుల మీద భారత ప్రమాణాల సంస్థ పుస్తకం ఒకటి ఉంది, ఐఎస్ 1904. 1978 నాటి ముద్రణలో ఏ నేల ఎంత బరువు మోస్తుందో సుమారుగా చెప్పే పట్టిక ఉంది. మెత్తటి రాయి అయితే చదరపు మీటరుకు దాదాపు 45 టన్నులు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయే మెత్తటి బంకమట్టి అయితే 10 టన్నులు. అంతకన్నా మెత్తనిది అయితే 5 టన్నులే. అంటే ఒకే ఇంటికి ఒక చోట సరిపోయిన పునాది, ఇంకో చోట నాలుగున్నర రెట్లు, తొమ్మిది రెట్లు వైశాల్యం కావాల్సి రావచ్చు.

అదే పట్టికలో నల్ల రేగడికీ, పూడ్చిన నేలకూ అంకె ఇవ్వలేదు. పరీక్ష చేసి తేల్చుకోవాలి అని మాత్రమే ఉంది. దేశంలో పెద్ద ఇంజినీర్లు కూర్చుని రాసిన పట్టికలోనే అంకె వేయడానికి వెనకాడిన నేల మీద, మేస్త్రి ఒక్కడు చూసి ‘ఐదడుగుల ఫుటింగ్ చాలు సాబ్’ అంటే ఆ మాటకు ఆధారం ఏమిటి? పక్కింటికి అదే వేశాం అన్న అనుభవమే. పక్కిల్లు మొరం మీద ఉండవచ్చు, ఈ ఇల్లు పాత బావి పూడ్చిన చోట ఉండవచ్చు.

సాయిల్ టెస్ట్‌లో ఏం చేస్తారు

పరీక్ష పెద్ద రహస్యమేమీ కాదు. ప్లాటులో బోరు వేసి, లోతు పెరిగే కొద్దీ మట్టి నమూనాలు తీస్తారు. మధ్యమధ్యలో ఒక ఇనుప గొట్టాన్ని నేలలోకి దిగగొడతారు. సుత్తి బరువు 63.5 కిలోలు, అది పడే ఎత్తు 75 సెంటీమీటర్లు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగేవరకు కొట్టిన దెబ్బలు లెక్కలోకి రావు. తరువాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో అదే లెక్క. దీన్ని ఎన్ విలువ అంటారు. బంకమట్టిలో 4 దెబ్బల లోపే దిగిపోతే అది మెత్తటి నేల. 15 దాటితే బాగా గట్టిది. ఎంత కొట్టినా గొట్టం దిగకపోతే రాయి దగ్గరికి వచ్చినట్టు.

నల్ల మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ఇంకా సులువైన పరీక్ష ఉంది. పొడి మట్టిని జల్లించి పది పది గ్రాములు రెండు గాజు జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఒక రోజు ఆగి రెండింట్లో మట్టి ఎంత ఎత్తున ఉందో చూస్తారు. నీళ్లలోది కిరోసిన్‌లో దానికన్నా 50 శాతం మించి ఎక్కువ చోటు ఆక్రమిస్తే ఆ నేల చాలా ప్రమాదకరం కింద లెక్క. 20 శాతం లోపు అయితే భయం తక్కువ.

చిన్న ఇంటికి ప్లాటు నడుమ ఒక బోరో, ఒక పరీక్ష గుంతో చాలని ప్రమాణాలు చెబుతాయి. ఎకరం దాకా ఉన్న జాగాలో పెద్ద భవనం అయితే నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి వేయాలి. దీనికయ్యే ఖర్చు ఒక స్లాబ్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. రిపోర్టులో నేల మోసే బలం, భూగర్భ జలం ఎంత లోతున ఉంది, ఏ రకం పునాది వేయాలి అన్నవి ఉంటాయి. ఆ రిపోర్టు స్ట్రక్చరల్ ఇంజినీర్ చేతికి వెళ్లాలి. ఫైల్లో పెట్టుకుంటే ప్రయోజనం లేదు.

మొదటి వైద్యం: దిమ్మిస కొట్టడం

అన్నిటికన్నా పాతది, చవకైనది, ఎక్కువగా చెడగొట్టేది కూడా ఇదే. 2020 వరదల తరువాత చాలా ఇళ్లవాళ్లు ఫ్లోరింగ్ ఎత్తు పెంచుకోవాలని చూశారు. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇల్లు గుంతలో పడిందన్నది మరో ఫిర్యాదు. దాంతో ప్లాటులో మూడు నాలుగు అడుగుల మట్టి, మలబా ఒకేసారి ట్రాక్టర్లతో నింపి, ట్యాంకర్‌తో నీళ్లు పోసి వదిలేస్తారు. నీళ్లు పోస్తే మట్టి కూర్చుంటుంది అన్నది నమ్మకం.

పైపొర కూర్చుంటుంది. కింద ఖాళీలు అలాగే ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచాక టైల్స్ కుంగుతాయి, గోడకూ ఫ్లోర్‌కూ మధ్య వేలు పట్టేంత సందు పడుతుంది, టైల్ మీద నడిస్తే డొల్ల శబ్దం వస్తుంది.

సరైన పద్ధతి పొర పొరగా నింపడం. ఒక్కో పొర 15 నుంచి 20 సెంటీమీటర్లు. ప్రతి పొరకూ తగినంత తడి, దాని మీద ప్లేట్ కాంపాక్టరో, చిన్న రోలరో. ఇక్కడ తగినంత అన్న మాటే ముఖ్యం. రొట్టెల పిండి కలిపే ఏ ఇల్లాలికైనా ఇది తెలుసు: నీళ్లు తక్కువైతే పిండి ముద్దకట్టదు, ఎక్కువైతే చేతికి అంటుకుని జారిపోతుంది. మట్టి కూడా అంతే. ఎంత తడి దగ్గర మట్టి బాగా దగ్గరపడుతుందో 1933లో అమెరికా ఇంజినీరు ఆర్.ఆర్. ప్రాక్టర్ లెక్కకట్టి చూపించారు. ఇప్పటికీ రోడ్ల దగ్గర్నుంచి డ్యాముల దాకా ఆయన పేరు మీదున్న పరీక్షతోనే తేలుస్తారు. ల్యాబ్‌లో వచ్చిన గట్టిదనంలో కనీసం 95 శాతం సైట్‌లో రావాలని అడగడం మామూలు. నింపే మట్టిలో చెత్త, ప్లాస్టిక్, చెట్ల వేర్లు ఉండకూడదు. అవి కుళ్లిన చోట ఖాళీ మిగులుతుంది.

పిల్లర్ ఫుటింగ్‌లు మాత్రం కొత్తగా నింపిన మట్టి మీద కూర్చోకూడదు. దాన్ని దాటుకుని కింద గట్టి నేల దాకా పోవాలి.

ఈ మధ్య జాకీలు పెట్టి ఇంటినే పైకి లేపే పనులు కూడా జరుగుతున్నాయి. జాకీ ఇంటి ఎత్తు పెంచుతుంది, అడుగున మట్టిని మార్చదు. ఆ పనికి ముందు కూడా నేల పరీక్ష అవసరమే.

రెండో వైద్యం: మట్టి మార్చడం, మొరం పరుపు

పైన ఉన్న చెడ్డ మట్టి నాలుగైదు అడుగులే అయితే, దాన్ని తీసేసి మంచి మొరం నింపి దిమ్మిస చేయడం సులువు. హైదరాబాద్‌కు మొరం కొదవ లేదు కాబట్టి ఇక్కడ ఎక్కువగా నడిచేది ఇదే.

నల్ల రేగడి లోతుగా ఉంటే ఇంకో ఉపాయం ఉంది. ఐఐటీ బాంబేలో పనిచేసిన ఆచార్య ఆర్.కె. కట్టి 1970ల్లో దీన్ని రూపొందించారు. ఉబ్బే నేలకూ కట్టడానికీ మధ్య, ఉబ్బని గుణం ఉన్న జిగురు మట్టిని సుమారు మీటరు మందాన పరిచి గట్టిగా కూర్చోబెట్టడమే ఆ పద్ధతి. కాలువల లైనింగ్‌కు దీన్ని బాగా వాడారు. దక్కన్ మొరంలో ఈ పనికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. నల్ల మట్టి మీద ఇసుక పోస్తే చాలు, మెత్తగా ఉబ్బును మింగేస్తుంది అనుకుంటారు. కానీ ఇసుక నీళ్లను ఆపదు. వాన నీళ్లు ఇసుకలోంచి దిగి నల్ల మట్టి పైన నిలుస్తాయి. అడుగున ఉన్న మట్టి ఇంకా ఎక్కువ తాగి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. పైసలు పెట్టి రోగం పెంచుకున్నట్టు అవుతుంది.

మూడో వైద్యం: సున్నం

నల్ల రేగడిలో ఉండే బంక కణాలు పలకల్లా పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్లు ఆ పొరల మధ్య దూరి వాటిని విడదీస్తాయి. అందుకే మట్టి ఉబ్బుతుంది. సున్నం కలిపితే అందులోని కాల్షియం ఆ పలకల్ని దగ్గరికి లాగి గుంపులు కట్టిస్తుంది. జిగటగా ఉన్న మట్టి కొన్ని గంటల్లోనే పొడిపొడిగా, పని చేయడానికి వీలుగా మారుతుంది. తరువాత వారాల తరబడి సున్నం, మట్టిలోని సిలికా కలిసి సిమెంటు లాంటి బంధం ఏర్పడుతుంది.

సాధారణంగా పొడి మట్టి బరువులో 3 నుంచి 6 శాతం దాకా సున్నం చాలుతుంది. ఎంత అన్నది ల్యాబ్ తేల్చాలి. రోడ్లు, కాంపౌండ్ లోపలి ఫ్లోరింగ్, పార్కింగ్ జాగాకు ఇది బాగా పనికొస్తుంది. మట్టిలో సల్ఫేటు లవణాలు ఎక్కువుంటే సున్నం మేలుకు బదులు కీడు చేస్తుంది, కొత్త ఉబ్బు పుడుతుంది. అందుకే పరీక్ష లేకుండా సంచులు కుమ్మరించకూడదు. పొడి సున్నం కళ్లనూ చర్మాన్నీ కాలుస్తుంది. పని జరిగే రోజుల్లో పిల్లలను అటు రానివ్వకూడదు, కూలీలకు గ్లౌజులు, కళ్లద్దాలు ఇవ్వాలి.

నాలుగో వైద్యం: లోతుకు దిగడం

పైమట్టిని బాగుచేయడం కుదరనప్పుడు, దాన్ని దాటుకుని కిందికి పోవాలి. నల్ల రేగడి ఏడాది పొడవునా కదిలేది పైన మూడు మీటర్ల దాకానే. ఆ కింద తడి పెద్దగా మారదు. ఈ లెక్క పట్టుకుని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్ అనే పునాదిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చింది. సుమారు మూడున్నర మీటర్లు లేదా అంతకన్నా లోతు బోరు వేసి, అడుగున బల్బులా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. బల్బు వెడల్పు మామూలుగా పైల్ వెడల్పుకు రెండున్నర రెట్లు. పైమట్టి ఉబ్బి పైకి నెట్టినా, ఆ బల్బు లంగరులా పట్టుకుంటుంది. పైన వేసే బీముకూ నేలకూ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బడానికి ఆ చోటు. కాంట్రాక్టర్ ఆ ఖాళీని మట్టితో నింపేస్తే చేసిన పనంతా వృథా.

తెలుగు నేల మీద పుట్టిన ఉపాయం కూడా ఉంది. కాకినాడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో 1990ల్లో ఆచార్య ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ కంకర పైల్ లంగరు మీద పరిశోధన చేశారు. బోరు అడుగున ఒక ఇనుప పలక, దానికి ఒక కడ్డీ, ఆ కడ్డీ పైకొస పునాదికి బిగింపు. బోరంతా కంకర నింపి గట్టిగా కూరుతారు. నల్ల మట్టి పునాదిని పైకి నెట్టబోతే కంకర, చుట్టూ ఉన్న మట్టి మధ్య రాపిడి దాన్ని పట్టి ఆపుతుంది.

సముద్రం ఒడ్డున, మెత్తటి బురద నేలల్లో రాతి స్తంభాల పద్ధతి నడుస్తుంది. బోరుల్లో కంకర కూరి వరసలుగా స్తంభాలు నిలబెడతారు. అవి బరువు మోస్తాయి, మట్టిలోని నీళ్లకు బయటికి దారి కూడా ఇస్తాయి. దీనికి 2003లో ఐఎస్ 15284 పేరుతో ప్రమాణం వచ్చింది. జపాన్‌లో సముద్రం పూడ్చి కట్టి 1994లో తెరిచిన కన్సాయ్ విమానాశ్రయం కింద దాదాపు పది లక్షల ఇసుక బావులు దించారు. అయినా ఆ దీవి పది మీటర్లకు పైగా కుంగింది. కుంగుతుందని ముందే లెక్కవేసుకుని, టెర్మినల్ స్తంభాల కింద జాకీలు పెట్టుకుని సరిచేసుకుంటూ వచ్చారు. నేలను గెలవడం సాధ్యం కాకపోయినా, ముందు తెలిస్తే దానితో బతకవచ్చు.

ఇలాంటి భారీ పద్ధతులు, ఎత్తు నుంచి టన్నుల బరువు పడేసి నేలను కుదించడం వంటివి కాలనీ ఇళ్ల మధ్య కుదరవు. ఆ అదురుకు పక్క గోడలు పగులుతాయి. ఇరుకు గల్లీల్లో, కట్టేసిన ఇంటి కింద పని చేయాలంటే మైక్రో పైల్స్ నయం. ఇవి 30 సెంటీమీటర్ల లోపు వెడల్పున్న సన్నటి పైల్స్. చిన్న యంత్రంతో ఇంటి లోపలి నుంచి కూడా దించవచ్చు. మొరం, కంకర నేలల్లో ఖాళీలుంటే సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించే గ్రౌటింగ్ పనిచేస్తుంది. బంకమట్టిలో మాత్రం సిమెంటు పాలు ఇంకవు. ఏ నేలకైనా గ్రౌటింగ్ చేస్తాం అనే కాంట్రాక్టర్‌ను ఇంకో ప్రశ్న అడగాలి.

గుంత తవ్వేటప్పుడు: పొరుగువారి హక్కు

మొరం గుంతను నిలువుగా తవ్వితే రెండు మూడు రోజులు గోడలా నిలబడుతుంది. అదే చాలామందిని మోసం చేస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి తడి వాటిని పట్టి ఉంచుతుంది. పిల్లలు తడి ఇసుకతో కట్టే గూడు నిలబడటానికి కారణం కూడా అదే. వాన పడినా, పక్కనున్న సంపు, డ్రైనేజీ పైపు లీకై నీళ్లు ఎక్కువైనా ఆ పట్టు పోతుంది. గుంత అంచున తవ్విన మట్టి కుప్ప, జేసీబీ, కంకర లారీ ఉంటే ఇంకా తొందరగా పోతుంది. గోడ కూలడానికి ముందు హెచ్చరిక ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లోపలున్న కూలీకి పైకెక్కే సమయం దొరకదు.

ఇక పక్కిల్లు. ఫుటింగ్ కింద ఉన్న మట్టి ఒక్కటే బరువు మోయదు, చుట్టుపక్కల మట్టి కూడా ఆనుకుని నిలబెడుతుంది. పక్క ప్లాటులో అంతకన్నా లోతుగా తవ్వితే ఆ ఆనిక పోతుంది. రెండు పునాదుల మధ్య లోతు తేడా ప్రతి మీటరుకూ సుమారు రెండు మీటర్ల అడ్డదూరం ఉండాలన్నది ఐఎస్ 1904 చెప్పే లెక్క. అరవై, నూరు గజాల ప్లాట్లలో అంత దూరం దొరకదు. కాబట్టి అలాంటి చోట గుంతను ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి కాంక్రీటు వేసుకుంటూ పోవాలి. సెల్లార్ అయితే ముందే అంచు వెంట పైల్స్ వరసగా దించడం, లేదా తవ్వుతూ కిందికి పోయే కొద్దీ మట్టి గోడలోకి ఇనుప కడ్డీలు దించి సిమెంటు పూత కొట్టడం చేయాలి. రెండో పద్ధతిని సాయిల్ నెయిలింగ్ అంటారు. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ చెప్పేది ఊరికే కాదు.

ఇస్లాంలో పడోసీ హక్కు ఎంత గట్టిదో ప్రతి ఇంట్లో పిల్లలకు చెబుతారు. తన జాగాలో తాను తవ్వుకోవడం హక్కే. కానీ ఆ తవ్వకం పక్కింటి పునాదిని కదిలిస్తే ఆ హక్కు అక్కడే ఆగుతుంది. తవ్వే ముందు పక్కింటివాళ్లకు చెప్పడం, వాళ్ల గోడల్లో ఉన్న పగుళ్ల ఫోటోలు ఇద్దరూ కలిసి తేదీతో తీసుకోవడం, వాళ్ల ఫుటింగ్ ఎంత లోతున ఉందో అడగడం. దీనికి ఖర్చేమీ లేదు. తరువాత గొడవ వచ్చినా న్యాయం తేలడం సులువవుతుంది.

మస్జిద్ మీద ఇంకో అంతస్తు

బస్తీల్లో నమాజీలు పెరిగారని మస్జిద్ మీద ఒక అంతస్తు, మదర్సా మీద ఒక హాలు వేయడం మామూలే. చందా ముందు స్లాబ్‌కు, తరువాత మార్బుల్‌కు, మినార్‌కు పోతుంది. అడుగున పాత పునాది ఒక అంతస్తు కోసం వేసింది కావచ్చు. జుమ్మా రోజు వందల మంది ఒకేసారి నిలబడే హాలు బరువు, ఇంట్లో నలుగురు తిరిగే గది బరువు ఒకటి కాదు.

ఖుర్ఆన్‌లో సూరా తౌబా 109వ ఆయత్‌లో పునాది పోలిక ఉంది. తఖ్వా మీద వేసిన పునాది ఒకవైపు, విరిగిపడబోయే గట్టు అంచున వేసిన పునాది మరోవైపు. ఆ ఆయత్ మాట్లాడేది ఈమాన్, నియ్యత్ గురించి. కానీ పోలికకు తీసుకున్న సంగతి, కోసుకుపోయిన గట్టు మీద కట్టడం నిలవదన్నది, వాగు ఒడ్డున ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలిసిన నిజం. చందా సొమ్ము అమానత్. కమిటీ పెద్దలు కొత్త అంతస్తుకు ముందు పాత ఫుటింగ్ ఒకటి రెండు చోట్ల తవ్వి చూపించి, నేల పరీక్ష చేయించి, ఇంజినీర్ సంతకంతో లెక్క తీసుకుంటే ఆ అమానత్‌ను కాపాడినట్టే.

ఇప్పటికే ఉన్న ఇంటి సంగతి

కట్టేసిన ఇల్లున్నవాళ్లు ముందు చూడాల్సింది నీళ్లు. నల్ల మట్టి అయినా, పూడ్చిన నేల అయినా ప్రాణం మీదికి తెచ్చేది నీళ్లే. పునాది పక్కన లీకయ్యే పైపు, పగిలిన మోరీ, కారే సంపు, గోడకు ఆనించి తవ్విన ఇంకుడు గుంత వెంటనే బాగుచేసుకోవాలి. ఇంటి చుట్టూ బయటికి వాలు ఉండేలా రెండు మూడు అడుగుల సిమెంటు అరుగు వేస్తే వాన నీళ్లు పునాది దగ్గర నిలవవు. చిన్నగా కనిపించినా, నేల వైద్యంలో ఇంతకన్నా చవకైన మందు లేదు.

పగుళ్లు అన్నీ ఒకటి కావు. ప్లాస్టర్‌లో వెంట్రుకల్లాంటి గీతలకు భయపడాల్సిన పని లేదు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే పగులు, ఒక చివర వెడల్పుగా ఉన్న పగులు, వానాకాలంలో బిగిసి ఎండాకాలంలో వదులయ్యే తలుపులు ఉంటే నేల కదులుతోందని అనుమానించాలి. పగులు మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాసి, నెలనెలా కొలవాలి. పెరుగుతుంటే పుట్టీ, పెయింట్ వేసి మూసేయకుండా ఇంజినీర్‌ను పిలవాలి. గోడ ఒరిగినా, పగులు రోజుల్లోనే పెరిగినా ముందు ఇల్లు ఖాళీ చేసి, తరువాత మిగతా మాటలు.

ఒప్పందానికి ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ప్లాటు కొనేటప్పుడు: ఈ జాగా చెరువు శిఖంలోగానీ, నాలా దారిలోగానీ, పాత బావి, క్వారీ గుంత పూడ్చిన చోటగానీ ఉందా? పాత మ్యాపులతో పాటు, ఆ బస్తీలో ముప్పై నలభై ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లను అడగాలి. వాళ్లకు గుర్తున్నంత ఏ కాగితంలోనూ దొరకదు.

ఇంజినీర్‌ను: సాయిల్ రిపోర్టు చూసి డిజైన్ చేశారా, లేక అంచనా మీదనా? రేపు ఇంకో రెండు అంతస్తులు వేయాలనుకుంటే ఈ పునాది మోస్తుందా?

కాంట్రాక్టర్‌ను: గుంత అడుగున రిపోర్టులో చెప్పిన నేలే వచ్చిందని ఎవరు చూసి ఒప్పుకుంటారు? వేరే మట్టి తగిలితే పని ఆపుతారా?

నింపే మట్టి గురించి: ఎక్కడి నుంచి తెస్తున్నారు, ఎన్ని అంగుళాల పొరలు, దేనితో దిమ్మిస చేస్తారు?

గుంత గురించి: ఎన్ని రోజులు తెరిచి ఉంటుంది, అంచులకు ఆసరా ఏమిటి, లోపల దిగే కూలీలకు నిచ్చెన ఉందా?

ఈ ప్రశ్నలకు కాంట్రాక్టర్ విసుక్కున్నా ఫరవాలేదు. స్లాబ్ పడ్డాక గోడ మార్చుకోవచ్చు, టైల్స్ మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. పునాది కింద మట్టిని మార్చుకునే అవకాశం గుంత తెరిచి ఉన్న ఆ నాలుగు రోజులే.